‘ఎన్ని లైన్లు రాయాలి టీచర్?’ అని పిల్లలు అడుగుతుంటే

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు భాష చెబుతాను. క్లాసులో 36 మంది పిల్లలు. చూచిరాత, డిక్టేషన్ బాగానే చేస్తారు. ‘సొంతంగా రాయండి’ అనగానే అందరి చేతులూ ఆగిపోతాయి. ‘ఎన్ని లైన్లు రాయాలి టీచర్?’ అన్నదే మొదటి ప్రశ్న. సగం మంది నేను బోర్డు మీద రాసిన ఉదాహరణనే పేర్లు మార్చి దించేస్తారు. ఒక అబ్బాయి నోటితో కథ చెబితే క్లాసంతా కదలకుండా వింటుంది, కాగితం మీద మాత్రం రెండు లైన్లు దాటడు. ఇంకో ఐదారుగురికి అక్షరాలే ఇంకా సరిగ్గా రావు. ఆటలా సాగే రాత పనులు ఏమైనా చెప్పండి. ఒక టెన్షన్ కూడా ఉంది. ఆటల పేరుతో తప్పులు అలవాటైపోతాయేమో, నోట్‌బుక్కులు చూసి హెడ్మాస్టరు, తల్లిదండ్రులు ఏమంటారో అని. – ఒక టీచర్

జవాబు:

టీచర్ గారూ,

‘ఎన్ని లైన్లు?’ అనే ప్రశ్న బద్ధకంతో అడిగేది కాదు. రాసిన కాగితం ఎక్కడికి వెళ్తుందో పిల్లలకు బాగా తెలుసు. మీ టేబుల్ మీదికి వెళ్తుంది, ఎర్ర గీతలతో తిరిగి వస్తుంది. దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకెవరూ లేరు. అలాంటప్పుడు ఎంత రాస్తే పని అయిపోతుందో తెలుసుకోవాలనుకోవడం సహజమే. మీ కథల అబ్బాయినే చూడండి. నోటితో చెప్పేటప్పుడు అతని ఎదురుగా ముఖాలున్నాయి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ అర్థం కాలేదో అతనికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. కాస్త ఆగితే ఎవరో ఒకరు ‘తర్వాత?’ అంటారు. కాగితం ముందు కూర్చున్నప్పుడు ‘తర్వాత?’ అని అడిగేవాళ్లు లేరు.

అందుకే ఏ ఆటనైనా ఎంచుకునేటప్పుడు నేను ముందు ఒక విషయం చూస్తాను. ఒకరు రాసింది ఇంకొకరు చదివి దానితో ఏదైనా చేస్తారా? బొమ్మ వేస్తారా, జవాబు రాస్తారా, కథ ముందుకు నడిపిస్తారా? ఆ అవకాశం లేకపోతే రంగు కాగితాలు, బొమ్మల వర్క్‌షీట్లు ఎన్ని తెచ్చినా రెండో వారానికల్లా పిల్లలు మళ్లీ లైన్లు లెక్కపెట్టుకుంటారు.

మీరు మొదలుపెట్టడానికి నేను చెప్పేది ‘చదివి గీయడం’. ముందు అందరూ పక్కవాళ్లకు చూపించకుండా ఒక వింత జంతువు బొమ్మ వేస్తారు. ఐదు నిమిషాలు చాలు. తర్వాత, ఆ బొమ్మను చూడనివాళ్లు కూడా దాన్ని గీయగలిగేలా మాటల్లో రాయాలి. బొమ్మ దాచేసి, రాసిన కాగితం మాత్రం వేరే వరుసలో కూర్చున్నవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు అందులో ఉన్నది ఉన్నట్టుగా, తమ సొంతం ఏదీ కలపకుండా గీయాలి. చివర్లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు.

అసలు చదువంతా ఈ చివరి పది నిమిషాల్లోనే ఉంది. ‘దానికి మూడు కళ్లు ఉన్నాయి’ అని ఒక అమ్మాయి రాసిందనుకోండి. తన బొమ్మలో మూడు కళ్లూ నుదుటి మీద వరుసగా ఉన్నాయి. చదివిన అబ్బాయి రెండు కళ్లు ముఖం మీద, ఒకటి తోక చివర పెట్టాడు. ‘అలా కాదు, తప్పు వేశావు’ అంటుంది. ‘ఎక్కడున్నాయో నువ్వు రాయలేదుగా’ అంటాడు. వివరంగా రాయమని మనం ఏడాది పొడవునా చెప్పినా ఎక్కని సంగతి ఆ చిన్న గొడవలో ఎక్కేస్తుంది. అప్పుడు మీరు వెళ్లి, ‘ఏ వాక్యం ఉండి ఉంటే బొమ్మ సరిగ్గా వచ్చేది? అది ఇప్పుడు కలుపు’ అంటే చాలు. రాసినదాన్ని మళ్లీ చదివి మార్చమంటే మామూలుగా పిల్లలకు శిక్షలా ఉంటుంది. ఇక్కడ ఆ అవసరం వాళ్లకే కనబడుతుంది. పైగా ఎవరి బొమ్మ వాళ్లదే కాబట్టి పక్కవాళ్లది చూసి దించడం కుదరదు. బోర్డు మీద ఉదాహరణ కూడా అక్కర్లేదు.

మొదటిసారి బొమ్మలో ఐదారు వివరాలకు మించకుండా చూడండి. ఎక్కువైతే రాయలేక మధ్యలో వదిలేస్తారు. చేతిరాత అర్థం కాక గీసేవాళ్లు ఆగిపోతే మీరు కల్పించుకోకండి. వాళ్లనే వెళ్లి ‘ఇదేమిటి?’ అని అడగనివ్వండి. అక్షరాలు చదివేలా ఎందుకు రాయాలో రాసినవాళ్లకు అక్కడే తెలుస్తుంది. తర్వాతి వారాల్లో ఇదే ఆటను మార్చుకోవచ్చు. క్లాసులో ఒక వస్తువు దాచి, తలుపు దగ్గర్నుంచి దాని దాకా దారి రాయడం. కాగితం పడవ ఎలా మడవాలో రాయడం. చదివినవాళ్లు రాసినది రాసినట్టే చేయాలి. ‘కాగితం మడవాలి’ అని మాత్రమే ఉంటే నిలువుగానా, అడ్డంగానా అని వాళ్లు ఆగిపోతారు. ‘నిలువుగా’ అన్న ఒక్క మాట ఎంత పని చేస్తుందో రాసినవాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఏం రాయాలో తోచడం లేదని పిల్లలు అనే రోజులకు ఇంకో ఆట ఉంది. ఇటలీకి చెందిన జాన్ని రోదారి పిల్లల రచయిత, 1970లో బాలసాహిత్యానికిచ్చే అంతర్జాతీయ పురస్కారం హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు అందుకున్నాడు. పిల్లల చేత కథలు అల్లించడం గురించి ఆయన చాలా ఆలోచించాడు. ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు మాటలు పక్కపక్కన పెట్టి వాటి మధ్య కథ వెతకమన్నాడు. కుక్క, ఎముక అంటే కథ పుట్టదు, ఆ రెంటికీ ఏం సంబంధమో అందరికీ ముందే తెలుసు. కుక్క, అలమారా అంటే మాత్రం ఆలోచించక తప్పదు. ఈ జంట రోదారి ఇచ్చినదే. ఆ రెండు మాటలనూ రకరకాలుగా కలిపి చూడమంటాడు ఆయన. తెలుగులో ఆ పని విభక్తులు చేస్తాయి. అలమారాలో కుక్క, అలమారా మీద కుక్క, అలమారా కోసం వచ్చిన కుక్క, కుక్కగారి అలమారా. ఒక్కోసారి ఒక్కో కథ. అలమారాలో కుక్క ఉంటే దాన్ని లోపల పెట్టిందెవరు, తలుపు తీసిందెవరు? కుక్కగారి అలమారా అయితే అందులో ఏ బట్టలుంటాయి, తోకకు కూడా తొడుగు ఉంటుందా? విభక్తుల పట్టిక బట్టీ పట్టించడానికి ఒక పీరియడ్ ఖర్చు చేసే బదులు ఈ ఆట ఆడిస్తే ‘లో’కీ ‘కోసం’కీ తేడా ఎందుకు ఉందో పిల్లలకు అర్థమవుతుంది.

దీనికి కావలసినవి రెండు డబ్బాలు, కొన్ని చీటీలు. మాటలు పిల్లలే రాసి వేస్తారు. ఒకరు ఒక డబ్బాలోంచి, ఇంకొకరు రెండో డబ్బాలోంచి చీటీ తీస్తారు. వెంటనే పెన్సిల్ పట్టించకండి. ముందు ఐదు నిమిషాలు నోటితో ప్రశ్నలు వేయించండి. ఎవరు, ఎందుకు, అప్పుడేమైంది అని. రాయడానికి ముందు మాట్లాడుకునే సమయాన్ని చాలామంది టీచర్లు వృథా అనుకుంటారు. నా దృష్టిలో ఆ ఐదు నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి. తొమ్మిదేళ్ల పిల్లలు ఒకేసారి ఏం చెప్పాలో ఆలోచించాలి, వాక్యం కట్టాలి, అక్షరం ఒత్తు గుర్తు తెచ్చుకోవాలి, చెయ్యి కదిలించాలి. ఇందులో మొదటి రెండు పనులూ మాటల్లోనే సగం అయిపోతే కాగితం దగ్గర బరువు తగ్గుతుంది. తర్వాత ఇద్దరిద్దరు కలిసి పది నిమిషాలు రాస్తారు. లైన్ల లెక్క చెప్పకండి, టైమ్ మాత్రమే చెప్పండి. ఎంతవరకు వస్తే అంతవరకే చదివి వినిపిస్తారు. మధ్యలో ఆగిపోయిన కథకు ముగింపు ఇంకో జంట రాసిపెట్టవచ్చు.

కాగితం మడిచి రాసే ఆట మీకు తెలిసే ఉంటుంది. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే తర్కం కన్నా కలలకూ ఊహలకూ పెద్దపీట వేసిన కవులు, చిత్రకారులు దీన్ని తమ కోసం ఆడుకున్నారు, ఇప్పుడు చిన్న క్లాసుల్లో బాగా నడుస్తోంది. ఒకరు ‘ఎవరు’ అన్నదానికి జవాబు రాసి మడుస్తారు, తర్వాతివారు అది చూడకుండా ‘ఎక్కడ’, ఆ తర్వాతివారు ‘ఏం చేశారు’, ‘ఎవరు చూశారు’, ‘చివరికి ఏమైంది’. విప్పి చదివితే నవ్వే నవ్వు. అక్కడితో ఆపేస్తే మాత్రం అది నవ్వుకునే ఆటగానే మిగిలిపోతుంది. అందులో ఒక కాగితం ఎంచుకుని, ఆ పొంతన లేని ఐదు ముక్కలూ నిజంగా జరిగి ఉండాలంటే మధ్యలో ఏమేం జరిగి ఉండాలో గ్రూపుగా కూర్చుని రాయించండి. ‘అందుకని’, ‘కానీ’, ‘అంతలో’ లాంటి మాటలు పిల్లలకు నిజంగా అవసరం పడేది అప్పుడే.

అక్షరాలు ఇంకా పూర్తిగా రాని ఆ ఐదారుగురికి పై ఆటలన్నీ కొంచెం బరువే. వాళ్లతో రోజూ పది, పదిహేను నిమిషాలు ‘కలిసి రాయడం’ చేయండి. మిగతావాళ్లు వేరే పనిలో ఉన్నప్పుడు వాళ్లను చార్టు చుట్టూ కూర్చోబెట్టండి. ఆ రోజు జరిగిన ఒక సంగతి మీద అందరూ కలిసి ఒకే ఒక్క వాక్యం అనుకోవాలి. ‘ఈ రోజు కిటికీలోంచి పిచ్చుక లోపలికి వచ్చింది.’ దాన్ని రెండు మూడు సార్లు పైకి అనిపించండి, ఎన్ని మాటలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టించండి. తర్వాత మార్కర్ చేతులు మారుతుంది. ‘ఈ రోజు’ ఒకరు రాస్తారు, ‘కిటికీ’లో దీర్ఘం ఎక్కడొస్తుందో సాగదీసి పలికి చూసి ఇంకొకరు రాస్తారు, ‘పిచ్చుక’లో ఒత్తు దగ్గర అందరూ ఆగుతారు. ఎవరికీ రాని చోట మార్కర్ మీరు తీసుకోండి. పొరపాటు పడితే తెల్ల కాగితం ముక్క అతికించి పైన రాయించండి, గొడవ లేదు. చార్టు దగ్గర ఒకరు రాస్తున్నంతసేపూ మిగతావాళ్లు అదే మాట పలక మీద రాస్తారు, కాబట్టి ఎవరూ ఖాళీగా ఉండరు. పూర్తయిన వాక్యం గోడ మీద ఉండాలి, మర్నాడు దాన్ని చదివాకే కొత్తది మొదలవ్వాలి. ఇంతకుముందు రాయలేరని పేరు పడ్డ పిల్లలు రాసిన వాక్యాన్ని క్లాసంతా చదువుతుంది. ఈ పని మాత్రం ఏ ఒత్తిడి వచ్చినా మానకండి.

పిల్లలు నిజంగా ఎదురుచూసే పని పోస్ట్ డబ్బా. ఫ్రాన్స్‌లో సెలెస్తేన్ ఫ్రెనే అనే టీచరు 1920లలో తన పల్లెటూరి బడిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ రోజువారీ సంగతులు రాసేవారు, అక్షరాలు పేర్చి తామే అచ్చు వేసేవారు, వాటిని దూరంగా ఉన్న మరో బడికి పంపేవారు. అక్కడి పిల్లలు రాసినవి వీళ్లకు వచ్చేవి. తమకు రోజూ కనిపించేదే అయినా, అది తెలియని పిల్లలు చదువుతారంటే వివరించి రాయాల్సి వస్తుంది. మీకు అచ్చుయంత్రం అక్కర్లేదు. అట్టపెట్టె చాలు, ముందు క్లాసులోనే. ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు, పేరు పెట్టాలి, వచ్చిన ఉత్తరానికి రెండు రోజుల్లో జవాబు రాయాలి. పేరు పెట్టాలన్న నియమం వదలకండి, పేరు లేకపోతే ఎగతాళి చీటీలు మొదలవుతాయి. డబ్బాలోవి మీరు ముందు ఒకసారి చూస్తారని కూడా పిల్లలకు చెప్పే చేయండి, దాచిపెట్టి చదవొద్దు. ఉత్తరాలు రాని పిల్లలు ఉంటారు. వాళ్లకు మీరు రాయండి, ఒక ప్రశ్నతో ముగించండి. ‘నిన్న నువ్వు బొమ్మలో వేసిన చెట్టు ఎక్కడిది?’ అని అడిగితే జవాబు వస్తుంది. కొన్నాళ్లు నడిచాక ఇంకో సెక్షన్‌తోనో, ఇంకో బడితోనో ఉత్తరాలు నడిపించండి.

బిడియపడే పిల్లల కోసం ఒక చిన్న పని. గోడలకు నాలుగు చార్టులు అంటించి, ఒక్కోదాని మీద ఒక్కో ప్రశ్న రాయండి. సెలవుల్లో హోంవర్క్ ఉండాలా, ఎగరగలిగితే ముందు ఎక్కడికి వెళ్తావు లాంటివి. పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తిరుగుతూ తమ మాట రాయాలి, వేరేవాళ్లు రాసినదానికి కింద జవాబు రాయాలి. క్లాసులో నోరు విప్పని పిల్లల అభిప్రాయాలు మొదటిసారి అక్కడ కనబడతాయి.

ఇక మీ కథల అబ్బాయి. అతనికి చెయ్యి నెమ్మది, బుర్ర వేగం. చెయ్యి అందుకునేలోపు కథ మూడు మలుపులు తిరిగిపోతుంది. అక్షరాలు రాయడం తడబాటు లేకుండా సాగని పిల్లల విషయంలో ఆలోచనలకు చోటు తగ్గుతుందని రాత మీద పనిచేసిన పరిశోధకులు గమనించారు. కాబట్టి అతనికి రెండు పనులు విడివిడిగా ఇవ్వండి. చేతిరాత వేగం కోసం రోజూ కొద్ది నిమిషాలు సాధన, దాన్ని కథతో కలపొద్దు. కథ కోసం ముందు నాలుగు గడుల్లో బొమ్మలు వేయించండి, ఒక్కో గడి ఒక్కో ఘట్టం. బొమ్మలు వేసేశాక కథ ఎక్కడికీ పారిపోదు, తీరిగ్గా రాసుకోవచ్చు. మొదట్లో అతను చెబుతుంటే మీరో, చురుగ్గా రాసే స్నేహితులో రాసిపెట్టండి, ఆఖరి ఘట్టం మాత్రం అతనే రాయాలి. తర్వాత ఆఖరి రెండు. అలా పెంచుకుంటూ పోండి.

తప్పులు అలవాటవుతాయన్న భయం గురించి సూటిగా చెబుతాను. దిద్దాలి. కానీ మొదటిసారి రాసిన కాగితం మీద కాదు, అన్నీ ఒకేసారి కాదు. కాగితం చేతికి రాగానే ముందు అందులో ఉన్న సంగతికి స్పందించండి. ‘తోక చివర కన్నుంటే అది వెనక్కి నడుస్తుందా?’ అని అడిగితే మీరు నిజంగా చదివారని పిల్లలకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ వారానికి ఒకే అంశం ఎంచుకోండి. దీర్ఘాలనుకుంటే దీర్ఘాలే. అవి కూడా మీరు సున్నా చుట్టి చూపకండి, ‘ఈ లైన్లో రెండు దీర్ఘాలు తప్పిపోయాయి, వెతుకు’ అని అంచులో రాసి తిరిగి ఇవ్వండి. 36 కాగితాలు మీరు దిద్దడం కన్నా 36 మంది తమవి తాము వెతుక్కోవడం వల్ల మేలు ఎక్కువ, మీ రాత్రులూ మిగులుతాయి. వ్యాకరణం నిర్వచనాలు విడిగా బోధిస్తే రాత మెరుగుపడుతుందన్న నమ్మకం చాలా చోట్ల ఉంది. అమెరికా పరిశోధకుడు జార్జ్ హిల్లాక్స్ అప్పటిదాకా జరిగిన అనేక ప్రయోగాలను సమీక్షించి, అలా మెరుగుపడటం లేదని 1986లోనే రాశారు. పిల్లలు తాము రాసిన వాక్యం దగ్గరే ఆ సంగతి చెబితే పట్టుకుంటారు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. మొదటి రాతలో పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలు వస్తాయి. అవి పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు. వాటిని తప్పులుగా కొట్టేయకండి. కొట్టేస్తే పిల్లలు ఆ మాటతో పాటు దాని వెనకున్న సంగతిని కూడా రాయడం మానేస్తారు, అప్పుడు మిగిలేది మీరు బోర్డు మీద రాసిన ఉదాహరణే. గోడ మీదికి వెళ్లే ఫెయిర్ కాపీలో కథ చెప్పే వాక్యాలు పుస్తక భాషలోకి మార్చుకోవచ్చు. పాత్రలు మాట్లాడుకునే చోట ఇంటి మాట ఉంచేయండి.

హెడ్మాస్టరుకు, తల్లిదండ్రులకు చూపించడానికి రెండు నోట్‌బుక్కులు పెట్టండి. రఫ్‌ది పిల్లల సొంతం, అందులో కొట్టివేతలు, బాణం గుర్తులు, బొమ్మలు ఎన్నైనా ఉండొచ్చు, మార్కులు ఉండవు. ఫెయిర్‌ది నెలకు ఒకటో రెండో రచనలు, తాము ఎంచుకున్నవే, దిద్దుకుని నీట్‌గా ఎక్కిస్తారు. ముందుగానే హెడ్మాస్టరుకు ఈ ఏర్పాటు చెప్పి ఉంచండి, తనిఖీ రోజున చెప్పడం కన్నా అది నయం. స్టార్లు, ‘ఈ వారం ఉత్తమ రచన’ లాంటివి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే నేనైతే ఒప్పుకోను. నలుగురికి స్టార్ వచ్చిన చోట మిగతా 32 మంది మళ్లీ లైన్లు లెక్కపెడతారు. దాని బదులు వారంలో ఒక రోజు ముందు ఒక కుర్చీ వేయండి. చదవాలనుకున్నవాళ్లు కూర్చుని తమది చదువుతారు, విన్నవాళ్లు నచ్చిన ఒక చోటు చెప్పి ఒక ప్రశ్న అడుగుతారు. బలవంతం వద్దు. చదవడం ఇష్టం లేనివాళ్లది వాళ్ల అనుమతితో స్నేహితులు చదవొచ్చు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ముందు రెండు వారాలు ‘చదివి గీయడం’, దానితో పాటు ఆ ఐదారుగురితో కలిసి రాయడం. అవి కుదురుకున్నాక పోస్ట్ డబ్బా. మిగతావి మధ్యమధ్యలో. వారానికి ఒక పెద్ద పీరియడ్ కన్నా రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు మేలు. చెయ్యి వదులు కావడానికి రోజువారీ అలవాటే పనికొస్తుంది. ఈ వారం ఏ ఆటా మొదలుపెట్టకముందే అందరి చేతా పది నిమిషాలు ఏదో ఒకటి రాయించి, తేదీ వేసి, దిద్దకుండా ఒక కవర్లో దాచండి. మూడు నెలల తర్వాత అదే పది నిమిషాలకు మళ్లీ రాయించి రెండు కాగితాలూ పక్కన పెట్టండి. తల్లిదండ్రుల మీటింగ్‌లో ఎవరి పిల్లల కాగితాలు వాళ్ల చేతికే ఇవ్వండి. కథల అబ్బాయి కాగితంలో ఏం మారిందో నాకూ రాయండి.